పదిహేడు వందల ఒకటి

మా నాన్న నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాడు. మెదక్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు అక్కడి పాస్టరయ్యగారు తన సొంత టైపు మిషను మీద నేర్పించారట. అక్షరాల వైపు చూడకుండా, కాగితం వైపు చూస్తూ కొట్టేవాడు. మేం స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ ఆబిడ్స్‌లో ఒక చిన్న బడిలో టీచరు. పిల్లల్లో నేనొక్కదాన్నే.

నేను పదో తరగతిలో ఉండగా నాన్న ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. పాత సామాన్ల గదికి సున్నం వేయించి, ఏసీ పెట్టించి, అందులో దాన్ని కూర్చోబెట్టారు. చెప్పులు బయటే విప్పి లోపలికి వెళ్లాలి. కొబ్బరికాయ కూడా గది బయటే కొట్టారు, నీళ్లు దాని మీద పడతాయేమోనని. అందరిలోకీ వేగంగా కొడతాడని నాన్నను కొన్నాళ్లు ట్రైనింగుకు పంపారు. అది పూర్తయిన రోజు మొజంజాహీ మార్కెట్ మీదుగా వస్తూ సీతాఫలం ఐస్‌క్రీం తెచ్చాడు. సగం కరిగిపోయింది. ముగ్గురం చెంచాలతో తాగాం.

"గుండీ ఒత్తంగనే అక్షరం గాజు మీద పడ్తది బిడ్డా. తప్పు పడితే చెరిపేసుకోవచ్చు. తెల్లరంగు పూసే పనే లేదు," అన్నాడు.

పింఛను తీసుకునేవాళ్ల వివరాలన్నీ పాత ఫైళ్లలోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆయన పని. చలికాలంలో మొదలుపెట్టాడు. ఎండలు ముదిరే వేళకు పని చివరికొచ్చింది. ట్రైనింగులో, ప్రతి సాయంత్రం చేసిన పనిని విడిగా దాచుకునే ఫ్లాపీ డిస్కుల్లోకి ఇంకో కాపీ తీసి పెట్టుకోవాలని చెప్పారు. ఫ్లాపీల డబ్బా మాత్రం సూపరింటెండెంటు గారి బీరువాలో ఉండేది. నాన్న అడిగితే ఆయన, "మిషన్లనే ఉన్నది గదయ్యా, మల్ల దాంట్ల ఎందుకు? గవి పోతే నేను జవాబు చెప్పాలె," అన్నాడట. నాన్న మళ్లీ అడగలేదు.

ఆ సూపరింటెండెంటు చెడ్డమనిషి కాదు. సుల్తాన్ బజార్ వెనక పాత ఇంట్లో తాతల కాలం నుంచి ఉన్న కుటుంబం వాళ్లది. మెల్లగా మాట్లాడేవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బత్తాయిలు పట్టుకొని మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లాడు. నాన్నకు ఆయనంటే చాలా గౌరవం.

మే నెలలో ఒక పొద్దున నాన్న ఎప్పటిలాగే గది తాళం తీసి, బట్ట తొలగించి, స్విచ్చు వేశాడు. అంతకుముందు వారమంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. లోపల బియ్యంలో రాళ్లు నలిగినట్టు ఏదో చప్పుడైందట. తెర నల్లగానే ఉండిపోయింది. పై మూలన ఒక నంబరు మాత్రం వచ్చింది. పదిహేడు వందల ఒకటి. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అదే నంబరు. చప్పుడు విని పక్క గదుల్లోంచి మనుషులు వచ్చారు. చివరికి సూపరింటెండెంటు వచ్చి తెర వైపు చూసి, నాన్న వైపు చూశాడు.

"ఏం నొక్కినవయ్యా?"

"ఏం నొక్కలే సార్. స్విచ్చు ఏసిన, గంతే."

"ఏం నొక్కకుంటే ఎందుకు పోతది?"

ఆ నంబరుకు అర్థం తెలిసిన మనిషి అక్కడ లేడు.

కొన్నాళ్లకు కంప్యూటర్ అమ్మిన కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. పెట్టె విప్పి చూసి, సూపరింటెండెంటు గదిలో తలుపు దగ్గరకు వేసుకొని మాట్లాడి, వెళ్లిపోయాడు. నాన్నను పిలవలేదు. తర్వాత కొత్త భాగం వచ్చింది, కంప్యూటర్ మళ్లీ పనిచేసింది. అందులో నాన్న ఎక్కించిన పేర్లలో ఒక్కటి కూడా లేదు. టైపిస్టు నిర్లక్ష్యం వల్ల సమాచారం పోయిందని సూపరింటెండెంటు పైఅధికారులకు రాశాడు. నాన్నకు మెమో వచ్చింది. జవాబు ఇంట్లో ఉన్న తన పాత టైపు మిషను మీద తనే కొట్టుకున్నాడు. అది ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఆయనను కింద ఉన్న రికార్డు రూముకు మార్చారు. ఎవరూ గట్టిగా తిట్టలేదు. పైకి వెళ్లినప్పుడల్లా మాత్రం ఎవరో ఒకరు, "అన్నా, స్విచ్చు ముట్టకు, బల్బు పోతది," అని నవ్వేవాళ్లు.

ఇంట్లో ఆయన మొదట్లో రోజూ ఆ మాటే చెప్పేవాడు. "నేనేం నొక్కలే. స్విచ్చు ఏసిన. పదిహేడు వందల ఒకటి అని వచ్చింది." అమ్మ, "ఎరికే. అన్నం తిను," అనేది. కొన్ని నెలలు గడిచాక ఆ మాట చెప్పడం మానేశాడు. అది ఇంకా కష్టంగా ఉండేది. అన్నం ముందు కూర్చొని ఎడమచేతి వేళ్లతో పీట అంచు మీద ఏదో కొడుతుండేవాడు.

"ఏం చేస్తున్నవ్ నాయినా?" అని ఒకసారి అడిగాను.

"ముందురోజు పొద్దుమీకి బంద్ చేసేటప్పుడు ఏమేం ఒత్తిన్నో యాదికి తెచ్చుకుంటున్న. నడుమ ఒకటి యాదికొస్తలేదు," అన్నాడు.

అప్పటికి ఆయనకు తన వేళ్ల మీద నమ్మకం పోయింది. మా చర్చిలో ఆదివారం ఆరాధన క్రమం కాగితం ఎన్నో ఏళ్లుగా ఆయనే టైపు చేసేవాడు. ఇప్పుడు ఒక పేజీ కొట్టడానికి శనివారమంతా పట్టేది. కొట్టిన పంక్తిని వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివేవాడు. ఒకరోజు కాపీలు తీసే స్టెన్సిల్ కాగితాలన్నీ పట్టుకెళ్లి మా చర్చి పాస్టరయ్యగారికి ఇచ్చేసి, కళ్లు కనబడటం లేదని చెప్పి వచ్చాడు. అప్పటికి ఆయన కళ్లు బాగానే ఉన్నాయి.

రికార్డు రూములో కొన్నేళ్లు ఉండి, సర్వీసు ఇంకా మిగిలుండగానే ఉద్యోగం వదిలేశాడు. టైపు మిషను తీసుకెళ్లి నాంపల్లి కోర్టు బయట గోడ పక్కన, గొడుగు కింద కూర్చొని అఫిడవిట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అక్కడ వకీలు చెప్పింది చెప్పినట్టు కొట్టాలి, తప్పు పడితే వకీలే చూసుకుంటాడు. అందుకే అక్కడ కొట్టగలిగాడనుకుంటాను.

నేను బీఎస్సీ అయ్యాక ఆబిడ్స్‌లో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. నాన్న కోసం చేరానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది నిజం కాదు. సాఫ్ట్‌వేర్ కోర్సు మా తాహతుకు మించినది, ఇదైతే అందింది. అది పూర్తయ్యాక అక్కడే ఒక కాంప్లెక్సులో రెండో అంతస్తు మీద ఉన్న రిపేరు దుకాణంలో పని దొరికింది. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. ఆడపిల్లను నేనొక్కదాన్నే. వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి, "ఎవరూ లేరా?" అని అడిగేవాళ్లు.

సార్ మొదటి రోజే ఒక సంగతి చెప్పాడు. "దుకాణానికొచ్చిన గిరాకీని ఏం చేసిన్రు అని అడగకు. భయపడి అబద్ధం చెప్తరు. తెర మీద ఏం వచ్చింది అని అడుగు."

ఆ పద్ధతిలోనే నేర్చుకున్నాను. సిస్టమ్ డిస్క్ లేదని వస్తే చాలాసార్లు ఫ్లాపీ లోపల మర్చిపోయి ఉంటారు. తీసేస్తే సరిపోతుంది. ఆన్ చేయగానే ఆగకుండా కూతలు పెడితే మెమరీ ముక్క కదిలిందని అర్థం. దాన్ని బయటికి తీసి, అంచున ఉన్న పసుప్పచ్చ గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వస్తే తెరకు బొమ్మ పంపే కార్డు పాడైనట్టు. రోజూ తేదీ వెనక్కి పోతుంటే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టు. నీలం తెర వస్తే అందులోని అంకెలు పూర్తిగా రాసుకున్న తర్వాతే ఆపాలి. చాలామంది భయపడి ముందే ఆపేసేవాళ్లు.

సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం ఉన్న పెద్దాయన ఒకరు కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొని వచ్చి, నా దగ్గరకు వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. తెర మీద తను ఏదో ఇల్లీగల్ పని చేశానని వచ్చిందట. "బిల్లులు కొట్టిన, గంతే బిడ్డా. ఇంకేం చేయలే. పోలీసులకు గిట్ల పోతదా ఇది?" అన్నాడు. అది మిమ్మల్ని అన్నది కాదు, లోపల ఒక ప్రోగ్రాము తప్పు చేసి ఆగిపోయిందని చెప్పడమే అని వివరించాను. ఆయన కుర్చీలో కూర్చొని నీళ్లడిగి తాగాడు. దుకాణంలో కుర్రవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసువాళ్లు మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను తెచ్చారు. పనికొస్తే ఉంచుకుంటాం, లేకుంటే మీరే పారేయండి అన్నారు. సార్ దాని మీది దుమ్ము ఊది, తీగలు తగిలించి స్విచ్చు వేశాడు. లోపల గరగరమని చప్పుడైంది. తెర నల్లగానే ఉంది. పై మూలన చిన్నగా నంబరు వచ్చింది. పదిహేడు వందల ఒకటి.

నేను చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకొని అలాగే నిలబడ్డాను.

"ఇదేంది సార్?"

"పాత మిషన్ల నంబరు. హార్డ్‌డిస్క్ పోయింది. ఇప్పుడు వచ్చేటివి మాటల్ల చెప్తయి, అప్పుడు అంకెలే."

"ఏమన్నా తప్పు నొక్కితే గిట్ల వస్తదా?"

సార్ నా వైపు వింతగా చూశాడు. "నువ్వు కీబోర్డు ముట్టకముందే వస్తదమ్మా ఇది. ఆన్ చేయంగనే మిషను తన సామాను తనే చూసుకుంటది. డిస్కు జవాబియ్యకుంటే గీ నంబరు చూపిస్తది. ఏం నొక్కినా గీ నంబరు రాదు."

"మరి ఎందుకు పోతది?"

"దుమ్ము, వేడి. కరెంటు ఊకె పోవుడు, వచ్చుడు. ఏం లేకున్నా పోతది ఒక్కోసారి."

ఆ డిస్కును విప్పి చూపించాడు. లోపల ఇటుక రంగు పళ్లెం ఉంది. దాని మీద ఒకచోట పూత గుండ్రంగా గీసుకుపోయి కింద తెల్లటి లోహం బయటపడింది. చదివే ముల్లు పళ్లెం మీద పడి గీకిందని, ఆ చప్పుడు దానిదేనని చెప్పాడు. ఆ పళ్లేన్ని పారేయొద్దని అడిగాను. ఎందుకని అడిగితే, మొదటిసారి మా నాన్న సంగతి బయటి మనిషికి చెప్పాను. సార్ అంతా విని, "రేపు తోల్కరా," అన్నాడు.

మర్నాడు కోర్టు పని ముగిశాక నాన్నను దుకాణానికి తీసుకెళ్లాను. మెట్లెక్కడానికి ఆయనకు ఆయాసం వచ్చింది. అప్పటికే షుగరు ఉంది. సార్ ఆయనను కూర్చోబెట్టి, పళ్లెం చేతికిచ్చి, నాకు చెప్పినదే మళ్లీ ఓపికగా చెప్పాడు. నాన్న ఆ గీత మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

"గీకినయన్నీ పోయినట్టేనా సార్?" అని అడిగాడు.

"పోయినట్టే."

"చానామంది పేర్లు ఉండె మా ఆఫీసుదాంట్ల," అన్నాడు. పళ్లేన్ని వెనక్కి తిప్పి చూసి, "అయితే నేను నొక్కలే," అన్నాడు. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

ఆయన సంతోషిస్తాడని నేను అనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా అనుకున్నాను. రెండూ కాలేదు. పళ్లేన్ని బల్ల మీద పెట్టి, సార్‌కు దండం పెట్టి, మెట్లు దిగాడు. నాంపల్లి వైపు నడుస్తుండగా నేను, సూపరింటెండెంటు గారి దగ్గరికి పోయి ఈ సంగతి చెప్దామన్నాను.

"ఇప్పుడెందుకు బిడ్డా? రిటైరైన మనిషి. ఆయనకు మాత్రం ఏం ఎరుక, మనకు ఎరుకలేనట్టే. ముసలితనంల కష్టపెట్టుడెందుకు?"

నాకు మనసు ఆగలేదు. కనీసం ఆయన నోటితో ఒక మాట అనిపిస్తే నాన్న తేరుకుంటాడనుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక నేనొక్కదాన్నే సుల్తాన్ బజార్ వెనక ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. చాలా చిక్కిపోయాడు. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టి లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. నేను నంబరు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయెత్తి ఆపాడు.

"నాకు ఎరుకేనమ్మా."

నాకు అర్థం కాలేదు.

"కంపెనీ పిలగాడు గా రోజే చెప్పిండు. డిస్కు దానంతట అదే పోయింది, ఎవల తప్పు లేదన్నడు. మరి ఫ్లాపీలల్ల కాపీ ఏదని పైనోళ్లు అడుగుతరు గదా. గవి నా బీరువాల ఉండె. నా రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, పింఛను కాయితాలు కదుల్తున్నయి. మీ నాయినకు ఇంకా సర్వీసున్నది, తట్టుకుంటడనుకున్న."

ఆయన ఇదంతా ఎప్పటిలాగే మెల్లగా చెప్పాడు. లోపల్నుంచి పోపు వాసన వస్తోంది.

"ఒక్కసారి వచ్చి మా నాయినకు చెప్తరా సార్?"

"ఏం మొఖం పెట్టుకొని రావాలె?" అన్నాడు. తర్వాత, "తాగమ్మా, చాయ్ సల్లారుతది," అన్నాడు.

నేను తాగకుండానే లేచి వచ్చాను. ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. నాన్న పడుకొని ఉన్నాడు. వంటగదిలో అమ్మకు అంతా చెప్పాను. అమ్మ పొయ్యి ఆపి, చాలాసేపు కొంగు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఆయనకు చెప్పకు," అంది చివరికి. "సూపరింటెండెంటు తెల్వక రాసిండనుకుంటున్నడు మీ నాయిన. తెలిసే రాసిండంటే తట్టుకోడు. గట్లనే అనుకోనీ."

నాకు చెప్పాలనే ఉండింది. అమ్మ మాట మీద ఆగిపోయాను.

కోర్టు చుట్టుపక్కల కంప్యూటర్ టైపింగు సెంటర్లు ఒకటొకటే వచ్చాయి. వకీళ్లు అటు వెళ్లారు. నాన్న గొడుగు కింద ఖాళీగా కూర్చునే రోజులు పెరిగాయి. నేను దుకాణంలో మిగిలిన భాగాలతో ఒక కంప్యూటర్ చేసి ఇంటికి తెచ్చాను, ఇంట్లోనే పని చేసుకుంటాడని. తెలుగు అక్షరాలు వేళ్లకు త్వరగానే అలవాటయ్యాయి. కానీ ఆన్ చేయడం ఆయన వల్ల కాలేదు. స్విచ్చు నేనో అమ్మో వేయాలి. తెర మీద అన్నీ వచ్చేదాకా ఆయన తలుపు దగ్గర నిలబడేవాడు. నీ తప్పు లేదని ఇప్పుడు తెలుసు కదా నాయినా అంటే, "తెలుసు బిడ్డా," అనేవాడు. అని అక్కడే నిలబడేవాడు. మేమిద్దరం పనికి వెళ్లిన రోజు సాయంత్రం వచ్చి చూస్తే అది కప్పిన బట్టతో అలాగే ఉండేది. కొన్నాళ్లకు కూర్చోవడమే మానేశాడు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు సూపరింటెండెంటు గారు పోయారు. పాత ఆఫీసు మనిషొకడు వచ్చి కబురు చెప్పాడు. నాన్న వెంటనే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చూపు బాగా తగ్గింది కాబట్టి ఒక్కణ్ని పంపలేం. అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పులేసుకున్నాను.

నేను కూర్చున్న ఆ అరుగు మీదే ఆయనను పడుకోబెట్టారు. నాన్న పూలదండ వేసి, చేతులు జోడించి, లోపల ప్రార్థన చేసుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు. కొడుకు వచ్చి ఎవరని అడిగితే, "మీ నాయిన కింద పనిచేసిన. పెద్ద మనిషి. ఎవల్ని పల్లెత్తు మాట అనేటోడు కాదు. నా బిడ్డకు పాణం బాగలేనప్పుడు బత్తాయిలు తెచ్చిండు," అన్నాడు. ఆ కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను.

తిరిగి వస్తుంటే బజారు రద్దీగా ఉంది. నాన్న నా భుజం పట్టుకొని మెల్లగా నడుస్తున్నాడు. కొంతదూరం వచ్చాక ఆగాడు.

"నువ్వు ఆ రోజు అన్నప్పుడే పోయి చెప్తే అయిపోతుండె బిడ్డా, నంబరు సంగతి. పాపం, నేను చెడగొట్టిన్ననుకుంటనే పోయిండు ఆయన."

బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, ఆయన చేయి పట్టుకొని రోడ్డు దాటించాను.